జామకాయకి చొక్కా

యాప్‌లో జామకాయలు ఆర్డర్ పెడితే ఇంటికి ఏమేం వస్తాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? నాలుగు కాయలు. ఒక్కో కాయకి చొక్కా తొడిగినట్టు తెల్లటి ఫోమ్ వల. కింద ప్లాస్టిక్ ట్రే, పైన పల్చటి ప్లాస్టిక్ పొర, దాని మీద స్టిక్కరు, మొత్తాన్ని మోసుకొచ్చిన కవరు. ఉప్పూకారం అద్దుకుని కాయ తినడానికి ఐదు నిమిషాలు చాలు. మిగిలిన సరంజామా మాత్రం మన మనవళ్లని కూడా చూసి పోతుంది.

శామీర్‌పేట చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండేవాళ్లకి ఆ సరంజామా ఎక్కడికి చేరుతుందో చెప్పక్కర్లేదు. గాలి ఇటు తిరిగిన రోజు ముక్కే చెబుతుంది. సిటీ చెత్త చేరే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు దగ్గర్లోనే ఉంది, 300 ఎకరాలకు పైగా. 2020లో అక్కడే 19.8 మెగావాట్ల ప్లాంటు పెట్టి చెత్తని కాల్చి కరెంటు తీయడం మొదలెట్టారు. అయినా గుట్ట గుట్టే. ఆ గుట్టలో రెండూ పక్కపక్కనే పడుంటాయి: తినకుండానే కుళ్లిన పండు, ఆ పండు కుళ్లకూడదని చుట్టిన కవరు. ఈ వారం ముచ్చట ఆ రెంటి మధ్య తగాదా గురించే.

ముందు పండు సంగతి. మన దేశంలో పంట కోశాక ఎంత పోతోందో 2022లో నాబ్‌కాన్స్ సంస్థ లెక్క తీసింది. పండ్లలో నష్టం 6 శాతం నుంచి 15 శాతం దాకా ఉంది. అందరికంటే ఎక్కువ పోతున్నది ఎవరనుకున్నారు? మన జామే. 15.05 శాతం. అంటే పొలం నుంచి దుకాణం దాకా వచ్చేసరికి వంద కిలోల్లో పదిహేను కిలోలు గల్లంతు. 2015లో కేంద్ర వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్ల లెక్కలోనూ జామే ముందుంది, 15.88 శాతంతో. మధ్యలో ఏడేళ్లు గడిచాయి, ఎన్నో యాప్‌లు వచ్చాయి, ఎన్నో ట్రేలు వచ్చాయి. జామ మాత్రం ఒక్క శాతం కూడా కదల్లేదు.

ఎందుకు పోతుంది? పండు ఒక వస్తువని మనం అనుకుంటాం గానీ, కోశాక కూడా అది బతికే ఉంటుంది. ఊపిరి పీలుస్తుంది. ఆక్సిజన్ తీసుకుని, తనలోని చక్కెరని ఖర్చుపెట్టి, కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి, కాస్త వేడి వదులుతుంది. చెట్టు మీద ఉన్నంతసేపూ అమ్మానాన్నల ఏటీఎం కార్డు ఉన్నట్టు. కోశాక చేతిలో ఉన్న డబ్బులతోనే నెట్టుకురావాలి. ఎంత తొందరగా ఊపిరి తీస్తే అంత తొందరగా దివాలా.

దీనికి తోడు ఇథిలీన్ అనే వాయువు. 1901లో రష్యాలో నెల్యుబోవ్ అనే కుర్రాడు బఠాణీ మొలకలు ల్యాబ్‌లో వంకరగా ఎందుకు పెరుగుతున్నాయా అని వెతికితే దీపాల గ్యాస్‌లోని ఇథిలీన్ దొరికింది. పండ్లు తమంతట తామే ఆ వాయువుని తయారు చేసుకుంటాయని తేలడానికి 1934 దాకా పట్టింది. మామిడి, అరటి, సపోటా, బొప్పాయి, జామ, సీతాఫలం... ఇవన్నీ ఇథిలీన్ బ్యాచ్. ఒక్కటి మగ్గడం మొదలెడితే దాని గాలి తగిలి పక్కది మగ్గుతుంది, దాన్ని చూసి ఆ పక్కది. పరీక్షల ముందు హాస్టల్లో ఒకడికి మొదలైన టెన్షన్ ఫ్లోరంతా పాకినట్టు. ద్రాక్ష, బత్తాయి, దానిమ్మ ఈ గుంపులో లేవు. కోసినప్పుడు ఎంత తీపి ఉందో అంతే, తర్వాత పండవు. అందుకే పుల్లటి ద్రాక్ష కొని ఇంట్లో రెండ్రోజులు పెడితే తియ్యబడుతుందనుకోవడం వృథా ప్రయాస.

మన అమ్మమ్మలకి ఈ పేర్లేవీ తెలియవు, పని మాత్రం తెలుసు. మామిడికాయల్ని గదిలో ఓ మూల వరిగడ్డిలో మాగేసేవాళ్లు. గడ్డి ఏం చేస్తుంది? కాయకీ కాయకీ మధ్య మెత్తగా ఉంటుంది, దెబ్బ తగలనివ్వదు. వేడిని పట్టి ఉంచుతుంది. కాయ వదిలిన ఇథిలీన్‌ని చుట్టూ ఆపుతుంది. అలాగని పూర్తిగా మూసెయ్యదు, గాలి ఆడుతుంది. రోజూ చెయ్యిపెట్టి చూసి, మగ్గింది తీసేయడం, మచ్చపడింది పారేయడం పిల్లల డ్యూటీ. పని అయిపోయాక గడ్డి పశువుల ముందుకు. ఇప్పుడు ఏ కంపెనీ అయినా ఇవే గుణాలున్న సరుకు తెస్తే దానికి ప్రెస్‌మీట్ పెడుతుంది.

గడ్డి ప్లేసులోకి కార్బైడ్ పొట్లం వచ్చింది. తడి తగిలితే ఎసిటిలీన్ వదులుతుంది, కాయ పైకి పచ్చగా పండినట్టు కనిపిస్తుంది, లోపల పులుపు పులుపే. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు ఉంటాయి కాబట్టి దాన్ని నిషేధించారు. బదులుగా 100 పీపీఎం దాకా ఇథిలీన్ వాయువు వాడుకోవచ్చని 2016లో ఫుడ్ సేఫ్టీ అథారిటీ చెప్పింది. పండు తనంతట తాను వదిలే వాయువే కాబట్టి అది భయపడాల్సింది కాదు. ఇథిలీన్‌తో పండించారని తెలిస్తే కొందరు ముఖం చిట్లిస్తారు గానీ, గడ్డిలో మాగేసినప్పుడు పనిచేసిందీ అదే.

ఇప్పుడు మన ఏరియా కథ. ఇవాళ శామీర్‌పేట అంటే ఓఆర్‌ఆర్ ఎగ్జిట్, నల్సార్, బిట్స్, జీనోమ్ వ్యాలీ, వీకెండ్ ధాబాలు. మీ నాన్న వయసువాళ్లని అడగండి, మేడ్చల్–శామీర్‌పేట అనగానే ద్రాక్ష తోటలు అంటారు. అనాబ్-ఎ-షాహీ అని పొడుగ్గా, తేనెరంగులో, గింజలతో ఉండే హైదరాబాదీ ద్రాక్ష. ఆ పందిళ్ల దిగుబడికి ఇక్కడి రైతులు ఒకప్పుడు దేశమంతా పేరుమోసారు. తర్వాత గింజల్లేని థాంప్సన్ వచ్చింది, ఆ తర్వాత ప్లాట్లు వచ్చాయి. గజాల్లో రేటు పలికే నేల మీద పందిరి వేసి కూలీ వెతుక్కునే ఓపిక ఎవరికి ఉంటుంది? తోటలు పోయాయి, కొన్ని వెంచర్ల పేర్లలో మాత్రం ‘గ్రేప్’ మిగిలింది.

ద్రాక్షని ఎందుకు లాక్కొచ్చానంటే, తెలివైన ప్యాకింగ్ ఏదో రేపు రాబోయే వింత కాదు, ద్రాక్ష పెట్టెలో ఎప్పట్నుంచో ఉంది. దూరం వెళ్లే ద్రాక్ష పెట్టె తెరిస్తే గుత్తుల మీద ఒక తెల్లటి కాగితం పరిచి ఉంటుంది. చాలామంది అది పైకవరు అనుకుని పారేస్తారు. అందులో సోడియం మెటాబైసల్ఫైట్ పొడి ఉంటుంది. ద్రాక్ష వదిలిన తేమ తగిలితే కొద్దికొద్దిగా సల్ఫర్ డయాక్సైడ్ వాయువు వస్తుంది, బూజుని ఎదగనివ్వదు. కొన్నిట్లో రెండు పొరలుంటాయి. ఒకటి మొదటి రోజుల్లోనే గట్టిగా వదిలేస్తుంది, రెండోది వారాల తరబడి నిదానంగా. తేమ ఎక్కువైతే మందు ఎక్కువ, తక్కువైతే తక్కువ. సెన్సర్ లేదు, బ్యాటరీ లేదు, యాప్ లేదు. పండు పరిస్థితిని బట్టి అదే స్పందిస్తుంది. ‘స్మార్ట్’ అనే మాటకి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఒక్క మాట: ఆస్తమా ఉన్నవాళ్లలో కొందరికి సల్ఫైట్లు పడవు, ద్రాక్ష కడిగే తినండి. కడగడం తినే ముందే. కడిగి డబ్బాలో పెడితే బూజుకి మీరే ఆహ్వానపత్రిక ఇచ్చినట్టు.

సరే, కొత్తగా ఏం జరుగుతోంది?

మొహాలీలోని నానో సైన్స్ సంస్థ శాస్త్రవేత్తలు 2022లో పండ్లకి చుట్టే ఒక కాగితం సంగతి బయటపెట్టారు. గ్రాఫీన్ ఆక్సైడ్ అనే కార్బన్ పదార్థంలో నిల్వ మందుని బంధించి కాగితంగా చేశారు. మామూలుగా పండుని మందులో ముంచుతారు, అవసరం ఉన్నా లేకపోయినా ఆ మందు తొక్కలోకి దిగుతుంది. ఈ కాగితం అలా కాదు. పండు దెబ్బతిని, సూక్ష్మజీవులు చేరి ఆమ్లాలు వదలడం మొదలెడితేనే మందు బయటికొస్తుంది. ఏమీ లేకపోతే కాగితం గమ్మున ఉంటుంది. పండు తిన్నాక దాన్నే ఇంకో పండుకి చుట్టొచ్చు కూడా. ద్రాక్ష కాగితం తేమకి స్పందిస్తే, ఇది నేరుగా కుళ్లుకే స్పందిస్తుంది. ఒక మెట్టు పైన.

గువాహటి ఐఐటీ వాళ్లు వేరే దారి పట్టారు. చుట్టడం దేనికి, పూసేస్తే పోలా అని. సముద్రపు నాచు జాతి సూక్ష్మజీవి నుంచి తీసిన సారం, కైటోసాన్ కలిపి పండ్ల మీద తినగలిగే పూత వేశారు. టమాటా, పచ్చిమిర్చి, యాపిల్, స్ట్రాబెర్రీ లాంటి వాటి మీద పరీక్షించారు. కైటోసాన్ ఎక్కడి నుంచి వస్తుందో తెలుసా? ఎక్కువగా రొయ్యల, పీతల పెంకుల నుంచి. రొయ్యలంటే మన కోస్తానే కదా, భీమవరం వైపు పెంకులకి కొదవేముంది! తొక్కు తీసిన రొయ్య అమెరికా ఓడెక్కితే, ఆ తొక్కు ఉలవపాడు మామిడికి కోటు అవుతుందన్నమాట. ఐడియా బ్రహ్మాండం. కానీ మన ఇంట్లో శాకాహారి బామ్మకి ఆ మామిడిపండు ఇచ్చే ముందు ఏం చెబుతారు? నవ్వులాట కాదు, నిజమైన చిక్కే. ఇప్పటికే మెరిసే యాపిల్ మీద ఉండేది మైనమో లక్కో. మన దేశంలో తేనెమైనం, కార్నౌబా మైనం, లక్క పూతలకి అనుమతి ఉంది, కాకపోతే లేబుల్ మీద చెప్పాలి. లక్క అంటే పురుగు నుంచి వచ్చేది. తోపుడు బండి మీది యాపిల్‌కి లేబుల్ ఎక్కడ?

2016లో అమెరికాలోని టఫ్ట్స్ యూనివర్సిటీ వాళ్లు పట్టు ప్రొటీన్‌ని నీళ్లలో కరిగించి స్ట్రాబెర్రీల మీద పూశారు. ఫ్రిజ్ లేకుండానే వారం దాటినా పండ్లు గట్టిగా, రంగు పోకుండా ఉన్నాయి. కాలిఫోర్నియాలో 2012లో పుట్టిన అపీల్ అనే కంపెనీ మొక్కల కొవ్వుల నుంచి చేసిన పూతతో అవకాడోలు అమ్మే దాకా వెళ్లింది. ఇటు చెన్నైలో గ్రీన్‌పాడ్ ల్యాబ్స్ అనే స్టార్టప్ మొక్కల సారాలతో చిన్న పొట్లాలు చేసి, పండ్ల పెట్టెలో వేస్తే చాలంటోంది. కొత్త షర్టు జేబులో ఉండే పొట్లం చూశారుగా, అలాంటిదే. ఇవన్నీ ఒకే పని మీద ఉన్నాయి: ఊపిరి నెమ్మదించాలి, నీరు పోకూడదు, బూజు రాకూడదు, ఆపైన కవరు మిగలకూడదు.

ఇందులో ఊపిరి తగ్గించడం కత్తి మీద సాము. ఎక్కువ తగ్గిస్తే పండు చచ్చిపోతుంది. క్యారీబ్యాగ్‌కి గట్టిగా ముడేసి మర్చిపోయిన అరటిపండ్లు రెండ్రోజులకి సారా వాసన కొట్టడం మీకు అనుభవమే కదా? లోపల ఆక్సిజన్ అయిపోయి పండు పులిసిపోయింది. అందుకే మంచి ప్యాకెట్లకి కంటికి కనపడనంత సన్నటి రంధ్రాలు లేజర్‌తో పెడతారు. అవి ఎన్ని ఉండాలో పండుని బట్టి, తూకాన్ని బట్టి, ప్రయాణంలో వేడిని బట్టి లెక్క మారిపోతుంది. జనవరిలో సరిపోయిన కవరు మే నెలలో రాజీవ్ రహదారి మీద ఎండలో నిలబడ్డ ట్రక్కులో సరిపోదు. వేడెక్కితే పండు ఊపిరి పెరుగుతుంది, కవరు రంధ్రాలు మాత్రం అంతే ఉంటాయి. ల్యాబ్ రిజల్ట్‌కీ రోడ్డు రిజల్ట్‌కీ తేడా అక్కడే పడుతుంది.

రంగు మారే లేబుళ్లు కూడా ఉన్నాయి. న్యూజిలాండ్‌లో రెండు దశాబ్దాల కిందటే బేరిపండ్ల ప్యాకెట్ మీద స్టిక్కరు పెట్టారు. పండు వదిలే వాసనకి ఎరుపు నుంచి పసుపులోకి మారేది. పిండి చూసి, నొక్కి చూసి పండుని పాడుచేసే కస్టమర్ల కోసం. శంఖపుష్పం, నేరేడు లాంటి వాటిలోని రంగులతో ఇలాంటి లేబుళ్లు చేసే ప్రయోగాలూ బాగానే జరుగుతున్నాయి. నాకైతే దీని మీద అంత మోజు లేదు. మామిడిపండు తొడిమ దగ్గర వాసన చూస్తే ఫ్రీగా తెలిసేదానికి స్టిక్కరు ఎందుకు? అయితే యాప్‌లో కొనేవాడికి ఆ ముక్కు లేదు కదా అని మీరంటే, ఒప్పుకుంటాను.

అసలు గొడవ డబ్బు దగ్గర వస్తుంది. ఊరికే ఒక లెక్క వేద్దాం, అంకెలు నావే. కిలో జామ 60 రూపాయలు. వంద కిలోల్లో 15 కిలోలు పోతే నష్టం 900. ఒక్కో కాయకి రూపాయి ఖరీదు చేసే తెలివైన కాగితం చుట్టామనుకోండి. కిలోకి ఐదు కాయలు తూగితే వంద కిలోలకి 500 రూపాయల కాగితం. అది నష్టాన్ని సగానికి తగ్గించినా మిగిలేది 450. చూశారా, యాభై రూపాయలు ఎదురు! అదే కాగితం అర్ధరూపాయికి వస్తే 200 లాభం. పదిసార్లు వాడగలిగితే ఇంకా లాభం, కానీ అమ్ముడైపోయిన కాయ చుట్టూ ఉన్న కాగితాన్ని వెనక్కి ఎవరు తెస్తారు? ఇంకో మెలిక ఉంది. కాగితం కొనేది ప్యాకింగ్ చేసేవాడు, కుళ్లు తగ్గి బాగుపడేది ఎక్కడో దుకాణంవాడు. జేబులు వేరు. అందుకే ఇలాంటివన్నీ ముందు విదేశాలకెళ్లే ద్రాక్షకీ మామిడికీ వస్తాయి. రోడ్డు పక్కన గంప పెట్టుకుని కూర్చున్న అక్క దాకా రావడానికి ఏళ్లు పడుతుంది. సాయంత్రం ఐదయ్యాక ఆమె కిలో ఎనభై చెప్పింది నలభైకి ఇస్తోందంటే, రేపటికి అవి ఆగవని ఆమెకి తెలుసు, మనకీ తెలుసు. మనం ఇంకా బేరమాడతాం.

రాజీవ్ రహదారి మీదే ఇంకాస్త ముందుకెళ్తే ఒంటిమామిడి కూరగాయల మార్కెట్, ఆ పక్కనే ములుగులో కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం. ఈ చివర బిట్స్, ఆ చివర హార్టికల్చర్ యూనివర్సిటీ, మధ్యలో మార్కెట్. ఫైనలియర్ ప్రాజెక్టుకి టాపిక్ కోసం తల పట్టుకునే పిల్లలకి ఇంతకంటే దగ్గర ల్యాబ్ ఎక్కడ దొరుకుతుంది? ఒక రోజు తెల్లారుజామున మార్కెట్‌కి వెళ్లి, ఏ క్రేటులో అడుగు వరస ఎలా నలిగిందో చూసినా చాలు. చాలా పండు గాలికీ బూజుకీ పోవట్లేదు. క్రేటులో నెత్తిన నెత్తి పడి, గోతుల్లో కుదుపుకి దెబ్బతిని, ఆ దెబ్బ దగ్గర కుళ్లుతోంది. దానికి నానో కాగితం అక్కర్లేదు, లోతు తక్కువ క్రేటూ అడుగున మెత్తటి పరుపూ కావాలి. ఆ ఫోమ్ వల మీద ఎన్ని జోకులేసినా, అది చేస్తున్న పని ఇదే. దాని ప్లేసులో గడ్డితోనో, అరటి నారతోనో, పాత కాగితపు గుజ్జుతోనో అచ్చు ట్రే చేస్తే జవహర్‌నగర్‌కి బరువు తగ్గుతుంది. గుడ్ల ట్రే చూశారుగా, అలాంటిది.

‘కంపోస్టబుల్’ అని రాసి ఉన్న కవరు చూసి మురిసిపోయేవాళ్లకి కూడా ఒక మాట. మొక్కజొన్న పిండి నుంచి చేసే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ మట్టిలో కలుస్తుంది, నిజమే. కాకపోతే దాదాపు 60 డిగ్రీల వేడి ఉండే కంపోస్టు ప్లాంటులో. మామూలు చెత్తతో కలిపి గుట్ట మీద పడేస్తే అది కూడా మిగతా ప్లాస్టిక్‌లాగే కూర్చుంటుంది. కవరు ఎంత పచ్చగా ఉన్నా, తడి చెత్త బుట్టలోకి వెళ్లి అక్కణ్నుంచి కంపోస్టుకి వెళ్లే దారి లేకపోతే ఆ పచ్చదనం ప్రింటింగ్‌లోనే.

అసలు కవరే వద్దన్న లెక్క కూడా ఉంది. బ్రిటన్‌లో రాప్ అనే సంస్థ 2022లో యాపిల్, అరటి, దోసకాయ, బ్రోకలీ, బంగాళాదుంప మీద పరీక్ష చేసి, చాలావాటికి ప్లాస్టిక్ కవరు వల్ల పెద్దగా ఆయుష్షు పెరగట్లేదని చెప్పింది. కావాల్సినన్ని విడిగా కొనుక్కుంటే చెత్తలో పడే తిండి కూడా తగ్గుతుందట. ఆరు కాయల ప్యాకెట్ కొంటే మూడు తిని మూడు పారేస్తాం, మూడే కొంటే మూడూ తింటాం. మన తోపుడు బండి మోడలే ఇది.

ఈ లోపు రూమ్‌లో మీరు చేయగలిగేవి చెబుతాను. అరటిపండ్లని మిగతా పండ్లకి దూరంగా ఉంచండి, ఇథిలీన్ గోల తగ్గుతుంది. పచ్చి మామిడో సపోటానో తొందరగా మగ్గాలంటే ఒక అరటిపండు తోడు పెట్టి కాగితపు సంచిలో ఉంచండి, ప్లాస్టిక్‌లో వద్దు. అరటినీ దోర మామిడినీ ఫ్రిజ్‌లో పెట్టకండి, 13 డిగ్రీల కంటే చల్లబడితే వాటికి జ్వరం వచ్చినట్టే, తొక్క నల్లబడుతుంది, మగ్గడం ఆగిపోతుంది. పూర్తిగా మగ్గిన మామిడి మాత్రం ఫ్రిజ్‌లోకి వెళ్లొచ్చు.

ఇన్ని తెలివితేటలకీ ఇంకా లొంగనిది మన సీతాఫలం. రాళ్ల నేలలో ఎరువు అడగకుండా కాసే పండు, బాలానగర్ రకానికి దేశమంతా పేరు. కళ్లు విచ్చిన కాయ కోస్తే రెండు మూడు రోజుల్లో మగ్గి మెత్తబడిపోతుంది. ఫ్రిజ్‌లో పెడితే తొక్క నల్లగా మాడుతుంది. పూత పూద్దామంటే ఒంటినిండా గుబ్బలు, సందులు. కవరు చుడదామంటే చెయ్యి తగిలితేనే విడిపోతుంది. అందుకే వ్యాపారులు గుజ్జు తీసి గడ్డకట్టించి ఐస్‌క్రీమ్‌వాళ్లకి పంపుతున్నారు. పండుగా తినాలంటే మాత్రం ఇప్పటికీ దారి ఒకటే. దసరా, దీపావళి రోజుల్లో రోడ్డు పక్కన బండి ఆపి, ఆకులు పరిచిన గంపలోంచి రేపటికి రెండు, ఎల్లుండికి రెండు అని అడిగితే, ఆ అక్కే కళ్లు చూసి ఏరి ఇస్తుంది.